వెనకాల రాసిన అక్షరాలు

మన పిల్లలు కారు మాట ఎత్తితే ఇప్పుడు ముందుగా అడిగేది ఏ కంపెనీ అని కాదు, "బేసా, మిడ్డా, టాప్ ఎండా?" అని. మా తరానికి కారంటే కారే. మిల్లు గేటులోంచి మేనేజరుగారి తెల్ల అంబాసిడర్ వస్తే వాచ్‌మన్ లేచి నిలబడేవాడు. లోపల ఏమేమి ఉన్నాయో ఎవరికీ పట్టేది కాదు. ఇప్పుడు ఒకే కారు, ఒకే రేకు, ఒకే ఇంజను, ఐదు ధరలు. కొత్తలో బేసుకీ టాప్ ఎండుకీ లక్షల్లో తేడా. అదే బండి ఏడెనిమిదేళ్లు తిరిగి సెకండ్ హ్యాండుకి వచ్చేసరికి ఆ తేడా చాలావరకు కరిగిపోతుంది. కొత్తలో మనం కన్నెత్తి చూడలేని టాప్ ఎండు, పాతబడ్డాక కొత్త చిన్న కారు ధరకే దొరుకుతుంది. చందాపుర నుంచి అత్తిబెలె దాకా, గడి దాటి హోసూరు దాకా రోడ్డు పక్క యార్డుల్లో ఆదివారం పూట మన కుర్రోళ్లు తిరిగేది ఇందుకే.

నాకు ఈ సంగతులన్నీ తెలిసింది మా అక్క వల్ల. కోన్ వైండింగులో ఇరవై నాలుగేళ్లు నిలబడి పని చేసి పోయిన ఏడాది దిగిపోయింది. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి వచ్చిన దాంట్లో కొంత బ్యాంకులో వేసుకుని, ఏడు లక్షలు కారుకని పక్కన పెట్టింది. మోకాళ్లు పోయినాయి. నెలకోసారి ఆసుపత్రికి పోవాల, పలమనేరు దగ్గర మా ఊరికి బస్సులు మారి పోలేదు. కొడుకు బొమ్మసంద్రలో ఒక కంపెనీలో చేస్తాడు, వాడికి ఐదేళ్ల పాప. నేను మిల్లులో మెయింటెనెన్సు ఫిట్టర్ని కాబట్టి, నట్టూ బోల్టూ తెలిసినోడు ఉంటే మేలని మేనల్లుడు నన్ను వెంటేసుకున్నాడు. మూడు నెలల ఆదివారాలు అట్లే పోయినాయి.

వాడికి సన్‌రూఫ్ కావాల. అది లేని బండి వాడి కంటికి ఆనదు. నవ్వుకున్నాను గానీ వాడి ఆశని నేను తీసిపారెయ్యను. చిన్నప్పటి నుంచి అత్తిబెలె సర్కిల్‌లో బస్సు కోసం నిలబడి, అద్దాలు ఎత్తుకుని పోయే కార్లని చూస్తా పెరిగినోడు. మన ఇంటి ముందర కూడా అట్లాంటిది ఒకటి నిలబడాల అనుకోవడంలో ఏముంది? నా బాధల్లా ఆ ఏడు లక్షలు ఎవరి మోకాళ్లవో మరిచిపోతాడేమో అని.

మొదట ఆ అక్షరాల లెక్క అర్థం చేసుకోవాల్సి వచ్చింది. మారుతిలో ఎల్, వీ, జడ్ అని మెట్లు. ఎల్‌ఎక్స్‌ఐ కింద, వీఎక్స్‌ఐ నడుమ, జడ్‌ఎక్స్‌ఐ పైన. హ్యుందాయ్ ఐ20లో ఎరా, మాగ్నా, స్పోర్ట్జ్, ఆస్టా అని పేర్లు. ఫోక్స్‌వ్యాగన్‌లో ట్రెండ్‌లైన్, కంఫర్ట్‌లైన్, హైలైన్. ఇన్నోవా క్రిస్టాలో జీ, జీఎక్స్, వీఎక్స్, జడ్‌ఎక్స్. ఒక కంపెనీ లెక్క ఇంకో కంపెనీకి పనికిరాదు. మారుతిలో వీఎక్స్‌ఐ నడిమి మెట్టు. హోండా సిటీలో వీఎక్స్ 2016 దాకా పైమెట్టు వరస, 2017 ఫిబ్రవరిలో బండి రూపు మార్చినప్పుడు దాని నెత్తిన జడ్‌ఎక్స్ అని ఇంకో మెట్టు కట్టినారు. కాబట్టి "టాప్ ఎండు" అన్నప్పుడు ఏ సంవత్సరం టాప్ ఎండో కూడా అడగాల.

అన్నింటికంటే తికమక పెట్టేది బ్రాకెట్లో ఉండే ఓ అక్షరం. ఓ అంటే ఆప్షనల్, అంటే కోరుకుంటేనే ఇచ్చేది. ఐ20లో ఆస్టా పక్కన ఓ ఉంటే పైమెట్టు మీద ఇంకొన్ని సోకులు చేర్చినారని అర్థం. మారుతి 2015లో కింది మెట్ల పక్కన అదే ఓ పెట్టి అమ్మినప్పుడు అది సోకుల సంగతి కాదు. స్విఫ్ట్ ఎల్‌ఎక్స్‌ఐకి ఓ ఉంటే ముందు సీట్లకి ఎయిర్‌బ్యాగులూ ఏబీఎస్ బ్రేకులూ ఉన్నట్టు. ప్రాణం కాపాడే వస్తువుని కోరుకుంటేనే ఇచ్చిన రోజులు అవి. ఇప్పుడు సెకండ్ హ్యాండులో తిరుగుతున్నవి ఎక్కువగా ఆ రోజుల బండ్లే.

ఇది ఉత్త మాట కాదని చెప్పడానికి ఒక సంగతి చాలు. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశంలో అమ్మే కార్ల బేసు మోడళ్లని గుద్దించి పరీక్ష చేసింది. అందులో ఎయిర్‌బ్యాగుల్లేని పోలోకి పెద్దవాళ్ల రక్షణలో సున్నా నక్షత్రాలు వచ్చినాయి. రెండు ఎయిర్‌బ్యాగులున్న పోలోకి నాలుగు. బండి పేరు ఒకటే, పక్కపక్కన నిలబెడితే మనకి తేడా తెలియదు. ఆ తర్వాత ఆ కంపెనీ ఎయిర్‌బ్యాగుల్లేని పోలోని అమ్మడం మానేసింది. కానీ అంతకు ముందు అమ్మినవి ఎక్కడికీ పోలేదు కదా, యార్డుల్లోనే ఉన్నాయి, కడిగి పాలిష్ కొట్టి.

ప్రభుత్వం రూలు తెచ్చిన తేదీలు గుర్తుంటే సగం పని అయినట్టే. అన్ని కార్లకీ ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి. డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగు, రివర్సు సెన్సార్లు, బెల్టు పెట్టుకోకుంటే కూసే గంట 2019 జూలై నుంచి. డ్రైవరు పక్కన కూర్చున్నోళ్ల ఎయిర్‌బ్యాగు మాత్రం అన్ని బండ్లకీ వచ్చింది 2022 మొదట్లోనే. ఆ తేదీలకి ముందు తయారైన బండిలో ఉందా లేదా అన్నది మెట్టుని బట్టి. "ఈ కంపెనీ బండిలో అన్నీ ఉంటాయన్నా" అని బ్రోకరు అన్నంత మాత్రాన ఉండవు.

ఇంక మా కథ. గడి దగ్గర ఒక యార్డులో మేనల్లుడికి 2017 హోండా సిటీ ఒకటి నచ్చింది. పెట్రోలు బండి, చేత్తో గేర్లు వేసేది, సన్‌రూఫ్ ఉంది. ధర ఆరు లక్షల తొంభై వేలు.

"మామా, ఇది టాప్ ఎండు మామా. జడ్‌ఎక్స్. వెనకాల చూడు, రాసుండాది" అన్నాడు.

రాసే ఉంది, తళతళలాడతా. మిల్లులో పని చేసినోళ్లకి చెప్పనక్కర్లేదు, కోన్ మీద చీటీ 40 కౌంటు అంటుంది. నిజంగా 40 అవునా కాదా అన్నది ర్యాప్ రీలు మీద 120 గజాలు చుట్టి తూకం వేస్తేనే తెలుస్తుంది. నేను తూకం వేసేదానికి కూర్చున్నాను.

2017 సిటీ జడ్‌ఎక్స్‌కి ఆరు ఎయిర్‌బ్యాగులు. వీఎక్స్‌కి ముందర రెండే. పక్క ఎయిర్‌బ్యాగు సీటులోనే కుట్టి ఉంటుంది. ముందు సీటు వీపు పక్కన, తలుపు వైపు, చిన్న గుడ్డ చీటీ మీద ఎయిర్‌బ్యాగ్ అని ఉండాల. తల పక్కన తెరలాగా దిగేవి పైకప్పు అంచులో ఉంటాయి. తలుపుల నడిమి స్తంభం పైన ప్లాస్టిక్ మీద ఆ అక్షరాలు అచ్చొత్తి ఉంటాయి. నేను చూసిన బండిలో స్టీరింగు మీదా, ఎదురు డ్యాష్‌బోర్డు మీదా తప్ప ఇంకెక్కడా లేవు. సీటు కవరు కొత్తగా వేసినారు కాబట్టి కింద దాగిందేమో అనుకుని వేలు పెట్టి తడిమి చూసినాను. లేదు. (పక్క ఎయిర్‌బ్యాగున్న సీటుకి మామూలు కవరు బిగిస్తే ఆ బ్యాగు సరిగా తెరుచుకోదు. దానికోసం పక్కన కుట్టు వదిలిన కవర్లు వేరే దొరుకుతాయి. తెలిసినోళ్లు తక్కువ.)

తర్వాత కాగితాలు. ఆర్‌సీలో మోడలు అనే గడి ఉంటుంది, చాలా బండ్లకి అక్కడ మెట్టు పేరు కూడా పడుతుంది. ఇన్సూరెన్సు పాలసీలోనూ ఉంటుంది, ఎందుకంటే బండి విలువ కట్టేది ఆ మెట్టుని బట్టే. రెండింట్లోనూ వీఎక్స్ అనే ఉంది. అసలు కొత్తలో 2017 పెట్రోలు జడ్‌ఎక్స్ ఆటోమేటిక్ గేరుతోనే వచ్చింది. చేత్తో గేర్లు వేసే పెట్రోలు జడ్‌ఎక్స్ వచ్చింది 2019 జనవరిలో. అంటే అమ్మకానికి పెట్టిన బండి కంపెనీ తయారే చెయ్యని బండి!

యార్డు ఆయన్ని అడిగితే జంకు లేకుండా చెప్పినాడు: "ఫస్ట్ ఓనరు అప్‌గ్రేడ్ చేయించుకున్నాడు సార్." నిజమే, చేయించినారు. కొన్ని వందల రూపాయలకి దొరికే అక్షరాలు వెనకాల అతికించినారు, హెడ్‌లైట్లలో తెల్లటి ఎల్ఈడీ బల్బులు వేసినారు, స్టీరింగుకి తోలు కుట్టించినారు. అట్లాంటిదే 2017 వీఎక్స్ ఇంకో యార్డులో ఆరు లక్షల పదికి చూసి వచ్చినాము. రెండు అక్షరాలకి ఎనభై వేలు. బండి మంచిదే, వీఎక్స్ అని చెప్పి వీఎక్స్ ధరకి అమ్మి ఉంటే మేము కొనేవాళ్లమేమో.

నేను వాడికి చెప్పింది ఒక్కటే. తర్వాత వేయించుకోగలిగిన వాటికి ఇప్పుడు డబ్బు పొయ్యొద్దు. మ్యూజిక్ సిస్టం, వెనక కెమెరా, అల్లాయ్ వీల్స్, సీటు కవర్లు, ఫాగ్ ల్యాంపులు, ఇవన్నీ బెంగళూరు జేసీ రోడ్డులో ఒక పూట పని. యార్డు వాళ్లు బేసు బండిని కొని ఇవన్నీ తగిలించి "ఫుల్లీ లోడెడ్" అని పెడతారు. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్, మలుపులో బండి జారకుండా పట్టే ఈఎస్‌పీ మాత్రం కంపెనీలో బండి కట్టేటప్పుడే పడాల. వాటికి వైర్లూ సెన్సార్లూ కంప్యూటరూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి, ఏ షెడ్డులోనూ తర్వాత అతికించేవి కావు. మెట్టు ఎక్కినందుకు ఎక్కువ డబ్బు ఇస్తే దానికే ఇవ్వాల.

అవి ఉన్నాయని తేలినా పని చేస్తాయా అన్నది వేరే ప్రశ్న. తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగు గుర్తు, మనిషి ముందు గుండ్రటి బుడగ ఉన్న బొమ్మ, వెలిగి కొన్ని క్షణాల్లో ఆరిపోవాల. ఆరకపోతే లోపం. అసలు వెలగనే వెలగకపోతే ఇంకా అనుమానం. యాక్సిడెంటులో పేలిన బ్యాగులకి కొత్తవి పెట్టకుండా మూత అతికించి, ఆ లైటు కనబడకుండా చేసి అమ్మేవాళ్లు ఉన్నారు. బండి చుట్టూ మూడుసార్లు తిరిగి గీతలు చూసే బదులు ఈ లైటుని ఒక్కసారి చూడండి.

సిటీ పోయినాక మేనల్లుడి కన్ను ఒక జర్మనీ బండి మీద పడింది. 2014 మోడలు. కొత్తలో ముప్పై లక్షల పైమాట, ఇప్పుడు ఏడు లక్షల ఇరవై. పైకప్పు అంతా అద్దం, కరెంటుతో కదిలే సీట్లు, డ్రైవరు ఎంత దూరంలో కూర్చుంటాడో గుర్తుంచుకునే బటన్లు. కూర్చుని చూసినాను. అబద్ధమెందుకు, బాగుంది.

ఇట్లాంటి బండ్లకి ఐరోపాలో పద్ధతి వేరు. అక్కడ కొనేవాడు ఒక్కొక్క వస్తువుని ఏరి రాయించుకుంటాడు, వేడెక్కే సీటు కావాలా, పెద్ద స్పీకర్లు కావాలా అని. ఒకే పేరున్న రెండు బండ్లు ఒకేలా ఉండవు. మన దేశంలో విడిభాగాలు తెచ్చి చాకణ్‌లోనో చెన్నై దగ్గరో ఔరంగాబాద్‌లోనో బిగించి రెండు మూడు మెట్లుగా కట్టి అమ్మినారు కాబట్టి అంత తికమక లేదు. అయినా ఫోక్స్‌వ్యాగన్, ఆడి, స్కోడా బండ్లలో స్టెప్నీ గుంట దగ్గరో సర్వీసు పుస్తకంలోనో ఒక చీటీ అంటించి ఉంటుంది, మూడేసి అక్షరాల సంకేతాలు వరసగా. బండి ఫ్యాక్టరీలోంచి ఏమేమి పెట్టుకుని బయటికి వచ్చిందో అందులో ఉంటుంది. వెనకాల అక్షరాలు అతికించేవాడు ఆ చీటీని మార్చలేడు.

హోసూరులో నాకు తెలిసిన మెకానిక్ ఒకాయన్ని పిలుచుకుని పోయినాను. ఆయన బానెట్ ఎత్తక ముందే సన్‌రూఫ్ తెరిచి అంచుల్లో చెంబుడు నీళ్లు పోసినాడు. నాలుగు మూలల్లో సన్న గొట్టాలుంటాయి, నీళ్లు వాటిలోంచి బండి కిందకి పోవాల. దుమ్మూ ఆకులూ అడ్డం పడితే నీళ్లు లోపల కారి తివాచీ కిందకి చేరతాయి, అక్కడే వైర్లూ కంప్యూటర్ డబ్బాలూ ఉంటాయి. మా ముందే లోపలి దీపం పక్క నుంచి బొట్లు పడినాయి. "బండి ధర ఏడు లక్షలేనన్నా, దాని సామాను ధర మాత్రం ముప్పై లక్షల బండిదే" అన్నాడు. ఒక్క హెడ్‌లైటు మార్చాలన్నా మన నెల జీతం చాలదు. ఆటోమేటిక్ గేరుపెట్టె తెరిస్తే మా అక్క ఏడాది పెన్షను. ఎక్స్‌ట్రాలు ఎన్ని ఉంటే చెడిపోయేవి అన్ని. మన మిల్లులో కొత్త ఆటో డాఫింగ్ మిషన్లు వచ్చినప్పుడు ఏమైంది? పని బాగా చేసినాయి, సెన్సారు పోయిన రోజు షెడ్డంతా చేతులు కట్టుకుని నిలబడింది. అప్పుడు బిల్లు కట్టింది మిల్లు. ఇక్కడ కట్టాల్సింది మనం.

ఇట్లాంటి బండి మరీ చౌకగా దొరికితే నీళ్ల సంగతి తప్పకుండా చూడండి. 2015 డిసెంబరులో చెన్నైలో, 2022 సెప్టెంబరులో మన బెళ్లందూరు, యెమలూరు వైపు వానలకి ఖరీదైన కార్లెన్నో మునిగిపోయినాయి. చెన్నై రోడ్డు మన గుమ్మం ముందర నుంచే పోతుంది కదా. సీటు బెల్టుని చివరి దాకా లాగి చూస్తే బురద గీత కనబడుతుంది. సీటు కింద పట్టాలకి తుప్పు, తివాచీ ఎత్తితే వాసన. బేసు బండి మునిగితే ఎండబెట్టి నడుపుకోవచ్చునేమో. కరెంటు సీట్లూ పది కంప్యూటర్లూ ఉన్న బండి మునిగితే దానికి రోగం ఎప్పుడు ఎక్కడ బయటపడుతుందో చెప్పలేము.

గడి అవతలి బండ్ల గురించి ఒక మాట. టీఎన్-70 బండి కొంచెం తక్కువకి వస్తుంది, నిజమే. ఎన్‌ఓసీ తెచ్చి కర్ణాటకలో ఎక్కించుకోవాలంటే ఇక్కడ జీవితకాలపు పన్ను కట్టాల. కొత్త కారుకైతే ఐదు నుంచి పది లక్షల దాకా 14 శాతం, పది నుంచి ఇరవై లక్షల దాకా 17 శాతం, పైన సెస్సు. పాత బండికి వయసుని బట్టి తగ్గిస్తారు గానీ లెక్క మొదలయ్యేది బండి అసలు ధర నుంచే. టాప్ ఎండు అయితే పన్నూ టాప్ ఎండే.

ఇన్ని తిరిగి వచ్చిన రోజు సాయంత్రం అక్క మా ఇద్దరికీ టీ ఇచ్చి కూర్చుంది. వాడు ఫోనులో ఫోటోలు చూపిస్తా పోతున్నాడు. ఇది క్రూజ్ కంట్రోల్, ఇది పుష్ స్టార్ట్, ఇది సన్‌రూఫ్, పాప ఇందులోంచి నిలబడి చూడొచ్చు.

"పోతా ఉండే బండిలో పిల్లని పైన నిలబెడతావా?" అంది అక్క. వాడు మాట్లాడలేదు. అప్పుడు ఆమె అడిగింది: "నాకు ఆ అక్షరాలు తెల్దు గానీ, నేనూ పాపా కూర్చునేది వెనక కదా. ఇందులో మాకేముండాది రా?"

ఆ ప్రశ్న నేను అడగలేదు. యార్డులోనూ ఎవరూ అడగలేదు. అప్పుడు వాడూ నేనూ కూర్చుని మళ్లీ లెక్క వేసినాము. క్రూజ్ కంట్రోల్, మెమరీ సీటు, స్టీరింగు మీద బటన్లు, పుష్ స్టార్ట్ అన్నీ నడిపేవాడికి. అల్లాయ్ వీల్స్, వెనక అక్షరాలు చూసేవాళ్లకి. వెనక సీటుకని మిగిలినవి కొన్నే: తల పక్క దిగే తెర ఎయిర్‌బ్యాగులు, పాప సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు, సరైన బెల్టులు, మెడకి ఆనే హెడ్‌రెస్టు, ఏసీ గాలి. ముందున్న రెండు బ్యాగులు మా అక్కని కాపాడవు. 2022 సెప్టెంబరులో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ పాల్ఘర్ దగ్గర పోయింది మెర్సిడెస్ కారులో, వెనక సీట్లోనే. బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పినారు. అంత బండిలోనే అట్లయితే మనం చూసే బండ్లలో వెనక బెల్టు సీటు కింద మడతపడి, దాని మీద కవరు కుట్టేసి ఉంటుంది. ఆ బకిల్ దొరకదు కూడా. చూసిన తొమ్మిది బండ్లలో నాలుగింటికి అట్లే ఉంది.

మేనల్లుడు ఇప్పుడు సన్‌రూఫ్ మాట తగ్గించినాడు. పూర్తిగా వదల్లేదు. 2019 జడ్‌ఎక్స్ ఒకటి, నిజమైనది, ఆర్‌సీ ఫోటో ముందే తెప్పించుకుని చూసినాము, ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర ఉంది. ఆరు బ్యాగులు. ధర అక్క పక్కన పెట్టిన దానికంటే లక్షా పది వేలు ఎక్కువ. అప్పు చేద్దామంటాడు వాడు. అప్పు వద్దు, సన్‌రూఫ్ లేనిది ఏదైనా ఆ బ్యాగులతో వస్తాదేమో చూడండి అంటుంది అక్క. నా మట్టుకు నేను ఇంకో నెల ఆగమంటున్నాను. పండుగ తర్వాత కొత్త బండ్లు తీసుకున్నోళ్లు పాతవి అమ్మకానికి పెడతారు.

వచ్చే ఆదివారం చూడబోయే బండికి అక్క కూడా వస్తానంది, పాపని తీసుకుని. ముందు వెనక సీట్లో తాను కూర్చుని, బెల్టు పెట్టుకుని, తలుపు వేసి చూస్తుందట. డిక్కీ, ఇంజను మేము తర్వాత చూసుకోవచ్చునంట.